గుండెలో మందు పూసిన స్టెంటు ఉండగా నోటిమాత్రలు ఎందుకు?



గుండెకు స్టెంటు వేయించుకొని వచ్చినవారు ఓ.పి.లో తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "డాక్టరుగారూ, నాకు మామూలు స్ప్రింగు కాదండి, మందు ఉన్న స్టంటే వేశారు. మందు లోపలే ఉంది కదా, మళ్లీ ఈ మాత్రలన్నీ ఎందుకండి?" అని అడుగుతారు. ఇది మంచి ప్రశ్నే. స్టెంటు మీద మందు ఉన్న మాట నిజం. ఆ మందు కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా విడుదలవుతుందన్నదీ నిజం. అయితే ఆ మందు పని వేరు, నోటిమాత్ర పని వేరు. పైగా లోపల ఆ మందు ఉంది కాబట్టే నోటిమాత్రను మరింత జాగ్రత్తగా వాడాలి. ఈ సంగతి తెలియక, కాస్త బాగుందనిపించగానే మాత్రలు మానేసేవారున్నారు. వారిలో కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుచేత ఈ సంచికలో స్టెంటు గురించి మొదటినుంచి వివరంగా చెప్పుకుందాం.

మందును కావలసిన చోటికే పంపడం

మనం ఒక మాత్ర మింగితే అది కడుపులో కరిగి, రక్తంలో కలిసి, తల నుంచి అరికాలి వరకు అంతటికీ వెళుతుంది. మోకాలి నొప్పికి వేసుకున్న మాత్ర మోకాలికే పోదు. కడుపుకూ పోతుంది, కిడ్నీకీ పోతుంది. కడుపులో మంట వంటి ఇబ్బందులు కొన్ని ఇందువల్లనే వస్తాయి. జబ్బు ఉన్న చోటనే, కావలసినంత మందు, కావలసిన కాలంపాటు అందించగలిగితే బాగుంటుందని వైద్యశాస్త్రం చాలాకాలంగా ప్రయత్నిస్తున్నది.

ఈ ప్రయత్నంలో ఒక ఆశ్చర్యకరమైన పరికరం గురించి 1999 జనవరిలో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ శాంటిని, మైకేల్ సిమా, రాబర్ట్ లాంగర్ అనేవారు దానిని తయారు చేశారు. కంప్యూటర్లలోని చిప్పులను చేసే పద్ధతిలోనే, తపాలా బిళ్లంత సిలికాన్ పలకలో 34 చిన్న చిన్న గుంటలు తొలిచారు. ఒక్కొక్క గుంటలో మందు నింపి పైన పలుచని బంగారు పొర మూతగా వేశారు. కొద్దిపాటి విద్యుత్తు పంపితే ఆ మూత కరిగి మందు బయటికి వస్తుంది. ఇదే ఆలోచనతో చేసిన పరికరాన్ని డెన్మార్కులో ఎముకలు గుల్లబారిన 8 మంది స్త్రీలకు నడుము దగ్గర చర్మం కింద అమర్చి చూశారు. రోజూ ఇంజెక్షనుగా పొడిపించుకోవలసిన మందు బయటి నుంచి వైరు లేకుండా పంపిన సంకేతంతో లోపలే విడుదలైంది. ఏడుగురిలో పరికరం పనిచేసింది, ఒకరిలో పనిచేయలేదు. ఆ ఫలితాలు 2012 ఫిబ్రవరిలో ప్రచురించారు.

ఆ చిప్పు మన ఆసుపత్రుల దాకా రాలేదు. కాని శరీరం లోపల ఉండి మందు విడుదల చేసే పరికరాలు వేరే రూపాల్లో మనకు అందుబాటులోనే ఉన్నాయి. అధిక రక్తస్రావానికి, గర్భనిరోధానికి గర్భసంచిలో ఉంచే హార్మోను పరికరం అలాంటిదే. అందులో 52 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున, తరువాత ఇంకా తక్కువగా, ఏళ్ల తరబడి విడుదలవుతుంది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఇటువంటి పరికరాలన్నిటిలో మన నరసన్నపేట చుట్టుపక్కల ఇళ్లలో ఎక్కువగా వినిపించే పేరు మాత్రం మందు పూసిన స్టెంటుదే.

గుండె కాలువలు, బెలూను, స్టెంటు

మన పొలాలకు గొట్టా బ్యారేజి నుంచి వంశధార ఎడమ కాలువ నీరు తెస్తుంది. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువలు, వాటినుంచి బోదెలు. ఎక్కడైనా పూడిక పడితే దాని దిగువనున్న మడి ఎండుతుంది. గుండె కూడా ఒక కండరమే. దానికి రక్తం తెచ్చే ధమనులు ముఖ్యంగా మూడు. అవి గుండె పైభాగానే అల్లుకొని ఉంటాయి. వాటి లోపలి వెడల్పు చాలామందిలో 3, 4 మిల్లీమీటర్లే. ఆ గోడల్లో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఆ కొవ్వు గడ్డ పగిలి దానిమీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతే అదే గుండెపోటు.

ఇరుకైన చోట చిన్న బెలూను ఉబ్బించి దారి తెరిచే చికిత్సను 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు మొదటిసారి చేశారు. ఛాతీ కోయనవసరం లేకుండా సన్నని గొట్టం ద్వారా చేసే పని ఇది. ఇప్పుడు చాలావరకు మణికట్టు దగ్గరి రక్తనాళం నుంచి, కొందరికి తొడ మొదట్లో నుంచి గొట్టం పంపుతారు. రోగి మెలకువగానే ఉంటారు.

అయితే బెలూను తీసేశాక ఆ నాళం తిరిగి ముడుచుకుపోవడం ఒక చిక్కు. ముగ్గురిలో ఒకరికి కొద్ది నెలల్లోనే మళ్లీ ఇరుకు ఏర్పడేది. కాలువ గట్టు జారకుండా తూము వేసినట్టు నాళం లోపల లోహపు వల ఒకటి నిలబెడితే బాగుంటుందనుకొని 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశాల వైద్యులు మొదటి స్టెంట్లు వేశారు. మనవాళ్లు స్ప్రింగు, స్టంటు, రింగు అని రకరకాలుగా పిలిచేది దీనినే. సన్నని లోహపు గొట్టాన్ని లేజరుతో వల మాదిరిగా కోసి, ముడిచి బెలూను మీద బిగిస్తారు. బెలూను ఉబ్బగానే వల విచ్చుకొని నాళం గోడకు అంటుకుంటుంది. బెలూను బయటికి వచ్చేస్తుంది, స్టెంటు ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది.

హైదరాబాదులో పుట్టిన స్టెంటు

స్టెంట్లు మొదట్లో విదేశాల నుంచే వచ్చేవి. వాటి ధర మామూలు కుటుంబం భరించగలిగేది కాదు. 1990లలో క్షిపణి శాస్త్రవేత్త డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హైదరాబాదుకు చెందిన గుండె వైద్యులు డాక్టర్ బి. సోమరాజు కలిసి మన దేశంలోనే స్టెంటు తయారుచేయించే పని చేపట్టారు. రక్షణ పరిశోధన సంస్థలకు లోహాల విషయంలో ఉన్న అనుభవం ఇందుకు ఉపయోగపడింది. అలా స్టెయిన్‌లెస్ స్టీలుతో వచ్చినదే కలాం-రాజు స్టెంటు. విదేశీ స్టెంటు కంటే చాలా తక్కువ ధరకు దొరికింది. క్షిపణుల కోసం నేర్చుకున్న విద్య రోగి గుండెకు పనికివచ్చిందని కలాంగారు చెప్పుకొని సంతోషించేవారు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కులో మందు పూసిన స్టెంట్లు చేసే కర్మాగారం కూడా ఉంది. కలాం-రాజు స్టెంటుకు మాత్రం మందు పూత లేదు. అది ఉత్త లోహపు స్టెంటు.

మరి మందు ఎందుకు పూశారు?

మన చేతికి కత్తి గాటు పడితే కొన్నాళ్లకు చర్మం కలిసి మచ్చ కడుతుంది. కొందరికి ఆ మచ్చ ఉబ్బి గట్టిగా తయారవుతుంది. స్టెంటు వేసినప్పుడు నాళం లోపలి గోడకూ చిన్న గాయం అవుతుంది. ఆ గాయం మానే క్రమంలో కండకణాలు పెరిగి, వల సందుల్లోంచి లోపలికి వచ్చి దారిని మళ్లీ ఇరుకు చేస్తాయి. ఉత్త లోహపు స్టెంటు వేసినవారిలో నూటికి 20, 30 మందికి ఇలా జరిగేది. వారికి మళ్లీ బెలూనో, బైపాస్ ఆపరేషనో తప్పేది కాదు.

ఆ కండ పెరుగుదలను ఆపే మందు ఒకటి వింతగా ఒక దీవి మట్టిలో దొరికింది. పసిఫిక్ మహాసముద్రంలో ఈస్టర్ దీవి ఉంది. 1722లో డచ్చి నావికులు ఈస్టరు ఆదివారం నాడు దానిని చూశారు కనుక ఆ పేరు వచ్చింది. అక్కడివారు దానిని రాపా నుయ్ అంటారు. 1964లో కెనడా నుంచి వెళ్లిన బృందం ఆ దీవి మట్టిని సేకరించింది. అందులోని సూక్ష్మజీవి తయారుచేసే పదార్థాన్ని 1970ల మొదట్లో మాంట్రియల్‌లో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్, ఆయన సహచరులు వేరుచేశారు. దీవి పేరు మీదనే దానికి రాపామైసిన్ అని పేరు పెట్టారు. ఇంకో పేరు సిరోలిమస్. మార్చిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఉండేందుకు 1999లో అమెరికాలో దీనిని నోటిద్వారా తీసుకునే మందుగా అనుమతించారు. కణాలు పెరిగి రెండవడాన్ని ఇది ఆపుతుంది. స్టెంటులో కండ పెరగకుండా కూడా ఇదే కావాలి కదా!

ఈ మందు పూసిన స్టెంటును 1999 డిసెంబరులో బ్రెజిల్ దేశంలోని సావొ పావ్లోలో ఎడ్వర్డో సౌసా అనే వైద్యుడు మొదటిసారి రోగికి వేశారు. 2002లో వెలువడిన రావెల్ అనే అధ్యయనంలో, ఆరు నెలల తరువాత చూస్తే ఉత్త స్టెంటు వేసినవారిలో నూటికి 26 మందికి పైగా దారి మళ్లీ ఇరుకైంది. మందు స్టెంటు వేసినవారిలో ఒక్కరికీ కాలేదు. తరువాత ఎక్కువమందికి వాడి చూసినప్పుడు కొద్దిమందిలో ఇరుకు కనిపించింది గాని, ముందుకంటే ఎంతో తక్కువ. 2003లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. సైఫర్ అనేది దాని పేరు. ఇప్పుడు వాడే స్టెంట్లలో సిరోలిమస్, లేదా దాని జాతికే చెందిన ఎవరోలిమస్, జోటరోలిమస్ అనే మందులుంటాయి.

ఎంత మందు? ఎన్నాళ్లు?

మొదటి తరం సైఫర్ స్టెంటు 18 మిల్లీమీటర్ల పొడవుదైతే దానిపై ఉన్న మందు సుమారు 150 మైక్రోగ్రాములు. జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రను మూడువేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క బరువు ఎంతో, అంత. కిడ్నీ మార్పిడి జరిగినవారు ఇదే మందును సాధారణంగా రోజుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మింగుతారు. స్టెంటుపై ఉన్న మందు మొత్తం కలిపినా ఆ ఒక్కరోజు మోతాదులో పదో వంతు కాదు. అయినా సరిపోతుంది. ఎందుకంటే అది ఊరంతా తిరగకుండా, పని ఉన్న గుమ్మం దగ్గరే దిగుతుంది.

ఆ మందును ప్లాస్టిక్ వంటి పదార్థంలో కలిపి లోహంపై కొన్ని మైక్రాన్ల మందాన పూస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. మొదటి స్టెంట్ల తీగ 140 మైక్రాన్లు ఉండేది, అంటే రెండు వెంట్రుకలంత. ఇప్పటివి 60 నుంచి 90 మైక్రాన్లు, సుమారు ఒక వెంట్రుకంత. ఆ వెంట్రుక మీద పూసిన పూతలోంచి మొదటి నెలలోనే సుమారు 80 శాతం మందు బయటికి వచ్చేస్తుంది. మూడు, నాలుగు నెలల్లో దాదాపు అంతా అయిపోతుంది. ఇప్పటి స్టెంట్లు కొన్నిటిలో ఆ పూత కూడా కొన్నాళ్లకు కరిగిపోతుంది. మిగిలేది లోహపు వల మాత్రమే.

మేలు చేసే మందే ఇంకో జాగ్రత్తను తెచ్చింది

ఇక్కడినుంచి కాస్త శ్రద్ధగా చదవండి. అసలు విషయం ఇదే.

రక్తనాళం లోపలి గోడకు చాలా నున్నని పలుచని పొర ఉంటుంది. ఆ పొర మీద రక్తం జారిపోతుంది గాని గడ్డకట్టదు. లోహం అలా కాదు. రక్తానికి అది పరాయి వస్తువు. రక్తంలో ఉండే ప్లేట్‌లెట్లు అనే కణాలు దానికి అంటుకొని, ఒకదానికొకటి అంటుకొని గడ్డ కడతాయి. కాబట్టి స్టెంటు వేశాక ఆ నున్నని పొర పెరిగి లోహాన్ని కప్పేవరకు ప్రమాదం ఉంటుంది. ఉత్త లోహపు స్టెంటును ఆ పొర కొద్ది వారాల్లోనే కప్పేస్తుంది.

మందు స్టెంటు సంగతి వేరు. కండ పెరగకుండా ఆపే మందు ఆ మంచి పొరను కూడా త్వరగా పెరగనివ్వదు. చెడ్డ కలుపును ఆపే మందు మంచి మొక్కనూ కాస్త నెమ్మది చేసినట్టన్నమాట. అందువల్ల లోహం ఎక్కువకాలం రక్తానికి తగులుతూనే ఉంటుంది. ఆ కాలమంతా ప్లేట్‌లెట్లు అంటుకోకుండా కాపాడేది మీ నోటిమాత్రలే. మామూలుగా ఇవి రెండు. ఒకటి ఆస్పిరిన్. రెండోది క్లోపిడోగ్రెల్, లేదా ప్రాసుగ్రెల్, లేదా టికాగ్రెలార్. మన ఇళ్లలో వీటినే రక్తం పలచబడే మాత్రలంటారు. స్టెంటుపై మందు కండను ఆపుతుంది. నోటిమాత్ర గడ్డను ఆపుతుంది. ఒకటి చేసే పని రెండోది చేయలేదు.

మాత్రలు మధ్యలో ఆగిపోతే స్టెంటులో ఉన్నట్టుండి గడ్డకట్టవచ్చు. మెల్లగా ఇరుకైతే ముందుగా నొప్పి హెచ్చరిస్తుంది. గడ్డకడితే నిమిషాల్లో దారి మూసుకుంటుంది. వచ్చేది సాధారణంగా పెద్ద గుండెపోటే. ఇప్పటి స్టెంట్లతో, మాత్రలు సరిగా వాడేవారిలో ఇది మొదటి సంవత్సరంలో నూటికి ఒకరికో, అంతకంటే తక్కువమందికో వస్తుంది. కాని వచ్చినవారిలో ప్రాణం పోయేవారు చాలామందే ఉంటారు. అందుకే దీనిని తేలికగా తీసుకోకూడదు.

ఇది ప్రపంచానికి కూడా వెంటనే తెలియలేదు. మందు స్టెంట్లు వచ్చిన కొత్తలో సైఫర్‌కు మూడు నెలలు మాత్రలు చాలన్నారు. 2006లో, ఏడాది తరువాత కూడా కొందరిలో గడ్డలు వస్తున్నాయని సమాచారం రాగా, ఆ డిసెంబరులో అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ నిపుణుల సమావేశం జరిపింది. 2007 జనవరిలో అక్కడి గుండె వైద్యుల సంఘాలు, శస్త్రచికిత్సకుల సంఘం, దంత వైద్యుల సంఘం కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. మందు స్టెంటు వేసినవారికి రెండు మాత్రలూ 12 నెలలు ఇవ్వాలని, గుండె వైద్యుని అడగకుండా ఎవరూ ఆపకూడదని దాని సారాంశం. దంత వైద్యులు ఇందులో ఎందుకున్నారా అని అనుకోవచ్చు. పన్ను పీకేముందు మాత్ర ఆపమనడం అక్కడా ఉన్న అలవాటే మరి.

మరి ఎన్నాళ్లు వాడాలి?

తరువాత వచ్చిన స్టెంట్లు సన్నబడ్డాయి, పూతలు మెరుగయ్యాయి. అందుచేత గడువులో కూడా మార్పు వచ్చింది. గుండెపోటు వచ్చి స్టెంటు వేసినవారికి సాధారణంగా రెండు మాత్రలూ ఏడాదిపాటు ఇస్తారు. గుండెపోటు లేకుండా, నడిస్తే నొప్పి అన్న కారణంగా వేసినవారికి సుమారు ఆరు నెలలు. రక్తస్రావం ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఇంకా తగ్గించి ఒకటి నుంచి మూడు నెలలు కూడా ఇస్తారు. ఆ తరువాత ఒక మాత్ర ఆపి, ఆస్పిరిన్ వంటి ఒక మాత్రను చాలామందికి జీవితాంతం కొనసాగిస్తారు. మీ గడువు ఎంత అనేది స్టెంటు వేసిన వైద్యులు మీ వయసు, కిడ్నీ, రక్తం, స్టెంటు ఉన్న చోటు చూసి నిర్ణయిస్తారు. పక్కింటివారి గడువు మీది కాదు.

మాత్రలు ఎక్కడ ఆగిపోతాయి?

కావాలని మానేవారు తక్కువ. ఏదో ఒక సందర్భంలో అలా ఆగిపోతాయి. మన ప్రాంతంలో అలాంటివి కొన్ని చూద్దాం.

పన్ను పీకించుకొనేటప్పుడు, కంటిశుక్లం ఆపరేషనుకు వెళ్లినప్పుడు: స్టెంటు ఉన్నదని, ఏ నెలలో వేశారో ముందే చెప్పండి. పన్ను పీకడం, శుక్లం తీయడం వంటివి ఎక్కువసార్లు మాత్రలు ఆపకుండానే చేయవచ్చు. హెర్నియా, మోకాలి చిప్ప మార్పిడి వంటి తొందరలేని పెద్ద ఆపరేషన్లు గడువు తీరేదాకా వాయిదా వేసుకోవచ్చు.

ఉపవాస ప్రార్థనలు, శ్రమల దినాలు: ఉపవాసమున్నరోజు మాత్ర మానవద్దు. కొంచెం నీళ్లతోనైనా మింగండి. మాత్ర ఆహారం కాదు. షుగరు ఉన్నవారు ఉపవాసానికి ముందు వైద్యుని అడగాలి. కార్తీక సోమవారాలు, రంజాను ఉపవాసాలు ఉండే మన రోగులకు కూడా ఇదే సలహా. రోజా ఉండేవారికి మాత్ర వేళలు సహరీ, ఇఫ్తార్‌లకు సర్దవచ్చు. ముందుగా వచ్చి అడగండి.

వలస వెళ్లినప్పుడు: మన జిల్లా వారు పనులకు హైదరాబాదు, చెన్నై వెళుతుంటారు. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి నెలల తరబడి వేటలో ఉంటారు. బయలుదేరేటప్పుడే సరిపడా మాత్రలు తీసుకోండి. ఊరు మారితే పేరు మారుతుంది గాని మందు అదే. చీటీ మీద కంపెనీ పేరుతోబాటు మందు అసలు పేరు రాయించుకుంటే ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతుంది. జనౌషధి దుకాణంలో ధర తక్కువ.

చిగుళ్ల నుంచి కాస్త రక్తం వచ్చినప్పుడు: చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, చిగుళ్లు కొద్దిగా కారడం ఈ మాత్రలతో మామూలే. భయపడి మానకండి, వచ్చి చూపించండి. అయితే విరేచనం తారులా నల్లగా అయినా, రక్తపు వాంతి అయినా, ఆగని రక్తం కారినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

గ్యాసు మాత్ర కొనుక్కొనేటప్పుడు: ఆస్పిరిన్ వల్ల కడుపు మంట రావచ్చు. అందుకు సొంతంగా దుకాణంలో మాత్ర కొనుక్కోవద్దు. ఒమెప్రజోల్ అనే గ్యాసు మాత్ర క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. వైద్యులు వేరే రకం రాస్తారు.

కిడ్నీల విషయంలో ఒక మాట

మనకు ఎగువనున్న ఉద్దానంలో, అంటే పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు, కిడ్నీ జబ్బు ఎంత ఉన్నదో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కుటుంబాల్లోనూ గుండెజబ్బు వస్తుంది. యాంజియోగ్రాములో నాళాలు కనిపించేందుకు డై అనే ద్రవం ఎక్కిస్తారు. కిడ్నీ బలహీనంగా ఉంటే అది ఇబ్బంది కలిగించవచ్చు. కావున క్రియాటినిన్ పరీక్ష కాగితాలు పట్టుకెళ్లి, కిడ్నీ సంగతి ముందే చెప్పండి. తగు జాగ్రత్తలతో చేస్తారు. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, ఇంజెక్షన్లు కిడ్నీకి మంచివి కావు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదాన్ని కూడా పెంచుతాయి. ఊళ్లో ఎవరు ఇవ్వబోయినా, "నాకు స్టెంటు ఉందండి" అని చెప్పండి.

ఖర్చు సంగతి

2016 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, ఉత్త లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు మందు స్టెంటుకు లక్షకు పైగా తీసుకున్న సందర్భాలున్నాయి. ఆ పరిమితి ఎత్తివేయలేదు, ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. బిల్లులో స్టెంటు పేరు, ధర విడిగా రాయించుకోవడం మీ హక్కు.

పేద కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైంది. మొట్టమొదట ప్రారంభించిన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, మన శ్రీకాకుళం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దానిని డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. స్టెంటు చికిత్స అందులో ఉంది. అయితే స్టెంటు ఉచితంగా పడిన కుటుంబం కూడా ఆరో నెలలో మాత్రల డబ్బులకు వెనుకాడుతుంది. అంత విలువైన చికిత్సను కాపాడేది ఆ చిన్న మాత్రే. డబ్బు ఇబ్బంది అయితే మాత్ర మానకుండా మా దగ్గరకు వచ్చి చెప్పండి. తక్కువ ధరలో దొరికే దారి చూద్దాం.

స్టెంటు వేశాక జబ్బు పోయినట్టేనా?

స్టెంటు ఒక చోట దారి తెరిచింది, అంతే. కొవ్వు పేరుకొనే గుణం మిగతా నాళాల్లో అలాగే ఉంది. అందుకే బి.పి., షుగరు, కొలెస్టరాల్ మాత్రలు కూడా మానకూడదు. బీడీ, సిగరెట్టు, చుట్ట మానాలి. మన తీరంలో కొందరు అమ్మలు, అమ్మమ్మలు తాగే అడ్డపొగ కూడా పొగే. ఉప్పుచేప, ఊరగాయ తగ్గించండి. వైద్యులు చెప్పిన మేరకు రోజూ నడవండి.

మళ్లీ ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాసు అనుకొని సోడా తాగి కూర్చోవద్దు. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు, పెద్దవయసువారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోను చేసి, స్టెంటు ఉన్నదని మొదటి మాటగా చెప్పండి.

గుర్తుంచుకోవలసినవి

1. స్టెంటుపై మందు మూడు, నాలుగు నెలల్లో అయిపోతుంది. నోటిమాత్ర వైద్యులు చెప్పిన గడువంతా వాడాలి.
2. స్టెంటు వేసిన వైద్యుని అడగకుండా ఎవరు చెప్పినా రక్తం పలచబడే మాత్ర ఆపవద్దు.
3. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండు కలిపి వేసుకోవద్దు. గుర్తువచ్చినప్పుడు ఒకటి వేసుకోండి. రెండో మాత్ర వేళ దగ్గరపడితే ఆ వేళకే వేసుకోండి.
4. మాత్రలు ఇంకా వారానికి సరిపడా ఉండగానే కొత్తవి తెచ్చుకోండి.
5. ఆసుపత్రిలో ఇచ్చిన స్టెంటు కార్డు, యాంజియోగ్రాము కాగితాలు జాగ్రత్తగా దాచండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపండి. ఎం.ఆర్.ఐ. స్కాను అవసరమైతే ఆ కార్డు తప్పక కావాలి.
6. ఇంట్లో మరొకరికి కూడా మాత్రల పేర్లు, వేళలు తెలిసి ఉండాలి.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని స్టెంటు వేయించుకున్నవారుంటే ఈ వ్యాసం వారికి చదివి వినిపించండి. చదువురాని పెద్దలకైతే మరీ ముఖ్యం. ఆఖరి ఆరు అంశాలను కత్తిరించి మాత్రల డబ్బా మూతకు అంటించుకోండి. సందేహం ఉంటే మాత్ర వేసుకొని ఓ.పి.కి రండి, మాత్ర మానేసి రావద్దు.